రేకుల షెడ్డు, 43 డిగ్రీల ఎండ: పెరటి కోళ్లకు నీళ్లు ఎన్ని, చల్లదనం ఎలా?

ఖమ్మం పెరడు

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం పక్కన పల్లె. పెరట్లో 22 కోళ్లున్నాయి: గ్రామప్రియ పెట్టలు 12, వనరాజా 4, నాటువి 6 (వీటిలో రెండు పుంజులు). షెడ్డు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. పైన జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) రేకు, ఎత్తు ఆరడుగులే. మూడు పక్కలా కప్పుదాకా ఇటుక గోడ, పడమటి వైపు మాత్రం జాలి తలుపు. పగలు బయట వదులుతాం కానీ పదకొండు దాటితే ఎండకు తాళలేక మళ్లీ షెడ్డులోకే దూరుతున్నాయి.

నీళ్లకు మూడు లీటర్ల ప్లాస్టిక్ డ్రింకర్లు రెండున్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపుతాం. మేడ మీది సింటెక్స్ నుంచి పైపు. మేత పొద్దున కొంచెం దాణా, మధ్యాహ్నం ఒంటిగంటకు మిగిలిన అన్నం, మొక్కజొన్న రవ్వ.

ఈ వారం మధ్యాహ్నం 43 దాకా పోతోంది. 12 నుంచి 5 వరకు అన్నీ నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుని నిలబడుతున్నాయి. గుడ్ల పెంకు పలచబడింది, అప్పుడప్పుడు పెంకే లేని తోలుగుడ్లు. నిన్న సాయంత్రం అయిదింటికి ఒక వనరాజా పెట్ట పడిపోయి చనిపోయింది. ఎండ తగ్గే వేళకు చావడమే అర్థం కాలేదు.

నీళ్లలో ఏమైనా కలపాలా? కోళ్ల మీద నీళ్లు చల్లొచ్చా? ఫాగర్లు (నీళ్లను పొగమంచులా చిమ్మేవి) పెట్టిస్తే మంచిదంటున్నారు, అంత ఖర్చు అవసరమా? కృత్తికలోనే ఇట్లా ఉంటే రోహిణి కార్తె ఇంకా ముందుంది.

---

రామగుండం రేకులు

అన్నా, ముందుగాల నీళ్ల లెక్క చూడు. పెట్ట మామూలు రోజుల్ల పావు లీటరు దాకా తాగుతది. ఈ ఎండలకు అర లీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 22 కోళ్లకు 11 లీటర్లు, ఒలికేది కలుపుకుంటే 14–15. నువ్వు పొద్దున పోసేది 6 లీటర్లు, సాయంత్రం దాకా గవ్వే. అండ్ల పొద్దున్నే సగం తాగేస్తయి, మధ్యాహ్నం అడుగున మిగిలేది వేడినీళ్లు. నీళ్లు 30 డిగ్రీలు దాటినకొద్దీ కోడి తాగుడు తగ్గిస్తది, 35 దాటినయంటే ముక్కు పెట్టి వదిలేస్తది. గిన్నెల నీళ్లు కనబడుతున్నయి కదా అని మనం అనుకుంటం. నీ వేలు పెట్టి చూడు, గోరువెచ్చగ తగిలితే అవి పారబొయ్యాల్సిన నీళ్లు.

సింటెక్స్ నీళ్లు మధ్యాహ్నం పట్టకు. నల్ల ట్యాంకు, ఎండల పైపు, రెండూ కలిసి స్నానం నీళ్ల లెక్క వస్తయి. తెల్లారక ముందే, ట్యాంకు చల్లగ ఉన్నప్పుడే 20 లీటర్లు కుండల, కాగుల పట్టి నీడకు పెట్టుకో. పైపు తప్పదంటే ముందు రెండు నిమిషాలు చెట్లకు వదిలి తర్వాత పట్టు.

ప్లాస్టిక్ డ్రింకర్ల బదులు వెడల్పు మూతి మట్టి చట్టీలు, నాలుగైదు లీటర్లు పట్టేవి, నాలుగు తీసుకో. రంగు వేసినవి, మెరుగు పెట్టినవి వద్దు, నీరు చెమర్చేది ఉండాలె. ఇనుప తట్టల మూడు వేళ్ల మందం తడి ఇసుక పోసి దాంట్ల చట్టీని సగం దాకా దించు. ఇసుక ఆరకుండ రోజుకు మూడుసార్లు తడుపు. కొత్త చట్టీని ఒక రాత్రి నీళ్లల్ల నానబెట్టు, లేకుంటే మొదటి రోజు సగం నీళ్లు అదే తాగుతది. మన బోరు నీళ్ల ఉప్పు చట్టీ బయట తెల్లగ పేరుకుంటది. పేరుకుంటే చెమర్చుడు ఆగిపోతది, అందుకని కొబ్బరి పీచుతోని వారానికోసారి బయట గూడ రుద్దాలె. చట్టీ అంచు కోడి వీపు ఎత్తుల ఉండాలె. కింద ఉంటే కాళ్లతోని ఊక, రెట్ట అన్నీ అండ్లకే తంతయి.

నాలుగూ ఒక్క తాన పెట్టకు. బలమున్న పుంజు, రెండు పెద్ద పెట్టలు ఒక్క చట్టీ దగ్గర కూసున్నయంటే మిగిలినవాటిని రానియ్యవు. రెండు షెడ్డుల, రెండు చెట్టు కింద. నీడ నుంచి నీళ్ల దాకా ఎండల నడవాల్సి వస్తే మధ్యాహ్నం కోడి నడవదు, దూప మీదనే కూసుంటది.

పొద్దుగాల ఆరుకు, పదికి, పన్నెండున్నరకు, మూడింటికి నీళ్లు మార్చు. ఫ్రిజ్ ఉంటే లీటరు సీసాల ముప్పావు నీళ్లు పోసి గడ్డ కట్టించి (నిండుగ పోస్తే పగులుతది) పన్నెండున్నరకు చట్టీల నిలబెట్టు.

ఇగ షెడ్డు. నీ షెడ్డు అసలు కష్టం మూడు గోడలు. గాలి ఒక దిక్కు నుంచి వస్తే పోయే దారి లేదు. తూర్పు గోడను అడుగున్నర ఎత్తు ఉంచి పైన మొత్తం తీసేసి అరంగుళం వెల్డెడ్ మెష్ కొట్టు. పెద్ద కన్ను జాలి వద్దు, ముంగిస, పాము దూరుతయి. గోడ తీసుడు ఇప్పుడు కాదంటే, కప్పు కింద వరుసగ రెండేసి ఇటుకలు ఊడబీకి కంతలు పెట్టు. వేడి గాలి పైకి పోతది కాబట్టి కంతలు కప్పుకు ఆనుకునే ఉండాలె.

రేకు మీద తాటాకులు గానీ వరిగడ్డి గానీ అరడుగు మందం పరిచి పాత వల కప్పి తాళ్లతోని కట్టు. వడగాలికి లేచిపోతది కాబట్టి నాలుగు మూలల బరువు పెట్టు. గడ్డి మీద పదకొండుకు, రెండుకు, నాలుగుకు నీళ్లు చల్లు. కరెంటు తీగ గడ్డికి తగలకుండ చూసుకో, ఎండిన గడ్డి కదా. గడ్డి లేకుంటే సున్నం. వంద చదరపు అడుగులకు రెండు కిలోల పొడి సున్నం, నాలుగైదు లీటర్ల నీళ్లు, 100 గ్రాముల ఫెవికాల్, రెండు పూతలు, చల్లపొద్దున. రాయి సున్నం తెస్తే నీళ్లల్ల పడంగనే సలసల ఉడుకుతది, ప్లాస్టిక్ బకెట్ల కలపకు, కండ్లకు అద్దాలు పెట్టుకో.

గ్రీన్ షేడ్ నెట్ కొంటే 75 శాతం నీడ ఇచ్చేది చాలు. దాన్ని రేకు మీద అతికినట్టు పరిస్తే లాభం తక్కువ. అడుగు ఎత్తుల గుంజలు కట్టి వేస్తేనే మధ్యల గాలి ఆడి రేకు చల్లబడుతది. షెడ్డు లోపల రేకు కింద అడుగు దిగువకు ఒక ఈత చాప గానీ వెదురు తడక గానీ కడితే కోడి వీపు మీద రేకు సెగ పడదు. అయితే నీది ఆరడుగుల ఎత్తే, తడక కడితే నువ్వే వంగి నడవాలె.

పడమటి జాలికి గోనె పట్టాలు వేలాడదీసి పదకొండు నుంచి అయిదు దాకా తడుపు. వడగాలి ఆ దిక్కు నుంచే కదా. కింద ఒక జానెడు, పైన ఒక జానెడు ఖాళీ వదులు, పూర్తిగ మూస్తే లోపల ఆవిరి పట్టినట్టయితది. తూర్పు గోడకు కంతలు పెట్టినంక పట్టాలు కట్టు, ముందుగాల కాదు.

---

పశువైద్యం (విశ్రాంతం)

సాయంత్రం అయిదింటికే ఎందుకు చనిపోయిందన్నారు కదండీ, దానికి జవాబు మీ ఒంటిగంట అన్నంలో ఉంది. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడి తిన్న నాలుగు నుంచి ఆరు గంటలకు హెచ్చుగా ఉంటుంది. ఒంటిగంటకు మేత పెడితే సరిగ్గా సాయంత్రం అయిదు నుంచి లోపలి వేడి ఎక్కువవుతుంది, అదే సమయానికి రేకు, గోడలు పీల్చుకున్న వేడినంతా వదులుతుంటాయి. రెండూ ఒకేసారి మీద పడతాయి. బరువైన కోడి, అంటే మీ వనరాజా, ముందు పోతుంది. గ్రామప్రియ, నాటు కోళ్లు తేలిక కాబట్టి తట్టుకుంటాయి.

కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. జుట్టు, తమ్మెలు, కాళ్లు, రెక్కల అడుగున ఈకలు లేని చోటు, ఇవే దానికి వేడి వదిలే దారులు. అవి చాలనప్పుడు రొప్పుతుంది. రొప్పినప్పుడు గొంతులోని తడి ఆవిరై చల్లబరుస్తుంది కాబట్టి నీళ్లు అంత అవసరం. గంటల తరబడి రొప్పితే రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు పెంకుకు కావలసిన కాల్షియం గర్భసంచికి సరిగా అందదు. దానికి తోడు మేత తగ్గుతుంది. మీ తోలుగుడ్లకు కారణం ఇదే. గుల్ల పిండి ఎంత పోసినా రొప్పడం తగ్గనంతవరకు పెంకు పూర్తిగా కుదరదు. అయినా సాయంత్రం ఆరు తర్వాత నలగ్గొట్టిన ఆల్చిప్పలు విడిగా ఒక చిప్పలో పెట్టండి. పెంకు కట్టేది రాత్రిపూట. పిండి కన్నా గోధుమ గింజంత పలుకులు మేలు, కడుపులో నిదానంగా కరుగుతాయి.

మేత వేళలు ఇలా మార్చండి. తెల్లవారుజామున 5 నుంచి 7 లోపు రోజు మేతలో సగం. తొమ్మిదికల్లా తొట్లు ఖాళీ అయ్యేలా. తర్వాత సాయంత్రం 6 దాకా గింజ కూడా వద్దు. 6 నుంచి చీకటి పడేవరకు మిగిలిన సగం. మధ్యాహ్నం ఏదో ఒకటి పెట్టాలనిపిస్తే పుచ్చకాయ తొక్కలు, దోసకాయ ముక్కలు, తోటకూర కాడలు. అవీ కోడికి గుప్పెడు మించకూడదు, ఎక్కువైతే అసలు మేత మానేసి పలచగా రెట్ట వేస్తాయి. మొక్కజొన్న వేడి, జొన్న చలువ అని మానేయనక్కర్లేదు. గింజల మధ్య ఆ తేడా పెద్దది కాదు, ఏ వేళకు పెట్టామన్నదే ముఖ్యం. నిజానికి అరిగేటప్పుడు ఎక్కువ వేడి పుట్టించేది మాంసకృత్తులు. కాబట్టి ఈ నెలలో చేపపొడి, వేరుశనగ చెక్క అదనంగా కలపడం ఆపండి.

నీళ్లలో కలిపేవి. అంగట్లో దొరికే కోళ్ల ఎలక్ట్రోలైట్ పొడి అయితే ప్యాకెట్ మీద ఉన్న మోతాదే. అది లేకపోతే మనుషుల ఓఆర్ఎస్: లీటరుకు కలపమన్న ప్యాకెట్‌ను మూడు లీటర్లలో కలపండి, మనకు సరిపోయే ఉప్పు కోడికి ఎక్కువ. ఇంట్లో చేసుకోవాలంటే 5 లీటర్ల నీళ్లకు ఒక చదును టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంటసోడా, 50 గ్రాముల బెల్లం. రొప్పే కోడి మూత్రంలో పొటాషియం కూడా పోగొట్టుకుంటుంది. ఉప్పు, సోడాలో అది లేదు కాబట్టి ఒక కొబ్బరిబోండం నీళ్లు కలిపితే ఇంకా మంచిది. మధ్యాహ్నం 11 నుంచి 3 వరకు మాత్రమే ఇవ్వండి. ఆ సమయంలో కూడా పక్కన మామూలు నీళ్ల చట్టీ తప్పనిసరిగా ఉండాలి. దాహంతో ఉన్న కోడికి ఉప్పునీళ్లు తప్ప వేరే దారి లేకపోతే అవే తాగి విరేచనాలు పట్టుకుంటాయి. బెల్లం ఎక్కువ వేస్తే చల్లదనమని కొందరు చిక్కగా కలుపుతారు. అది రెండు గంటల్లో పులిసి, ఈగలు ముసిరి, రెట్ట జారుగా మారుతుంది.

విటమిన్ సి పనిచేస్తుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పొడి చేసి 5 లీటర్లకు. పొద్దున పూట, ఆ రోజుకు ఆ రోజు. సోడా కలిపిన నీళ్లలో వేయొద్దు, రెండూ కలిస్తే పొంగి దాని గుణం త్వరగా పోతుంది. ఒక రోజు ఇది, ఒక రోజు అది.

పలుచటి మజ్జిగ ఇవ్వొచ్చు, కానీ మట్టి చట్టీలోనో ప్లాస్టిక్‌లోనో. జీఐ బకెట్‌లో మజ్జిగ గానీ నిమ్మరసం గానీ పోస్తే పులుపుకు జింక్ కరిగి నీళ్లలోకి దిగుతుంది.

పడిపోయిన కోడిని చూస్తే చేయాల్సింది: నీడకు తెచ్చి, మామూలు కుండనీళ్లున్న బకెట్‌లో కాళ్లు, కడుపు, రెక్కల అడుగు మునిగేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. తల పైనే ఉండాలి. జుట్టు, తమ్మెలు తడి గుడ్డతో తుడవండి, తర్వాత ఫ్యాన్ ముందు పెట్టండి. ఐసు నీళ్లలో ముంచొద్దు. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుపోయి లోపలి వేడి బయటకు రాదు, గుండె ఆగి చావొచ్చు. నోరు తెరిచి నీళ్లు పోయడం ఇంకో పెద్ద పొరపాటు. కోడి నాలుక వెనకే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది, రొప్పుతున్నప్పుడు పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్క అంచున చుక్క చుక్కగా తడిపితే తనే మింగుతుంది. తల నిలబెట్టాక చట్టీ ముందు దించండి.

---

గోదారి లంక

రామగుండం వారు చెప్పింది వారి ఊరికి నూటికి నూరు పాళ్లు నిజమండి. ఖమ్మానికీ చాలా వరకు సరిపోతుంది. కానీ ఇది చదివే కాకినాడ, మచిలీపట్నం, భీమవరం వాళ్లు అలాగే గోనెలు తడిపి కడితే కోళ్లు ఇంకా తొందరగా పోతాయి, అందుకే రాస్తున్నాను.

తడి వల్ల ఎంత చల్లబడుతుందనేది గాలిలో తేమను బట్టి ఉంటుంది. దానికి సులువైన పరీక్ష ఉంది. గది వేడి చూసే మామూలు థర్మామీటరు గుండుకు పలచని నూలుగుడ్డ చుట్టి, తడిపి, ఫ్యాన్ ముందు అయిదు నిమిషాలు పట్టండి. అది ఎంత చూపిస్తే గోనె గానీ మట్టి చట్టీ గానీ ఫాగర్ గానీ అంతకన్నా చల్లబరచలేవు. ఖమ్మంలో 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం అది పాతిక దగ్గర చూపిస్తుంది. అంటే దిగడానికి 18 డిగ్రీల జాగా ఉంది, గోనె పట్టా అందులో సగం దింపినా కోడి బతికిపోతుంది. మా వైపు 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు 30 చూపిస్తుంది. దిగేది నాలుగు డిగ్రీలే. ఆ నాలుగు కోసం షెడ్డులో తేమ ఇంకా పెంచితే కోడి గొంతులోని తడి ఆవిరి కావడమే ఆగిపోతుంది. రొప్పుతూనే ఉంటుంది, చల్లబడదు.

కోళ్ల ఫారాల్లో ఒక పాత లెక్క ఉంది: వేడిని ఫారన్‌హీట్‌లో తీసుకుని తేమ శాతం కలపండి, 160 దాటితే ప్రమాదం. 34 డిగ్రీలంటే 93 ఫారన్‌హీట్, 75 కలిపితే 168. ఉక్కపోతకు ఈ లెక్క బాగా పనికొస్తుంది. మీ పొడి వేడికి మాత్రం దాన్ని నమ్మొద్దు. 43 అంటే 109, దానికి 20 కలిపితే 129 వచ్చి అంతా బాగానే ఉందంటుంది, ఇక్కడ చూస్తే కోడి చనిపోయింది.

ఫ్యాన్ సంగతీ ఇలాగే తిరగబడుతుంది. మా దగ్గర 34, 36లో కోడి ఎత్తున స్టాండ్ ఫ్యాన్ పెట్టి సూటిగా గాలి తోలితే అంతకు మించిన వైద్యం లేదు. మీ దగ్గర గాలే 43 ఉన్నప్పుడు, కోడి ఒళ్లు 41 ఉన్నప్పుడు, ఉత్త ఫ్యాన్ వేడిని ఒంట్లోకి నెడుతుంది. పన్నెండు నుంచి నాలుగు దాకా తడి గోనె వెనక నుంచి గాలి వచ్చేలా ఫ్యాన్ పెట్టండి, లేదా ఆపేయండి. సాయంత్రం 38కి దిగాక ఉత్త ఫ్యాన్ వేసుకోవచ్చు.

ఫాగర్ల మాట అడిగారు. మీ షెడ్డుకు అక్కర్లేదండి. సన్నటి పొగమంచులా రావాలంటే పీడనం పెంచే మోటారు కావాలి. అది లేకుండా డ్రిప్పు కొట్లో దొరికే చౌక నాజిల్ పెడితే చినుకులు పడి ఊక తడుస్తుంది. తడి ఊకలో అమ్మోనియా పుడుతుంది, కోడిపిల్లలకు రక్త విరేచనాలు వస్తాయి. ఆ డబ్బుతో తూర్పు గోడ తీయించండి.

కోళ్ల మీద నీళ్లు చల్లడం: కాళ్లు, జుట్టు తడిసేలా కొద్దిగా, గాలి ఆడుతున్న చోట అయితే మంచిదే. వీపు మీద బకెట్ నీళ్లు గుమ్మరిస్తే ఈకలు ఒంటికి అంటుకుంటాయి, బెదిరి పరిగెత్తుతాయి, ఆ పరుగుకే వేడి పెరుగుతుంది. మధ్యాహ్నం పూట కోళ్లను పట్టడం, తరమడం, ఊక ఎత్తడం లాంటి పనులేవీ పెట్టుకోకండి.

అన్నింటికన్నా చౌక పని ఇంకోటి. చెట్టు కింద మూడడుగుల చదరం, అరడుగు లోతు గొయ్యి తీసి ఇసుక, మట్టి సగం సగం వేసి పొద్దున తొమ్మిదికి తడపండి. నీళ్లు నిలవకూడదు, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టేంత తడి చాలు. కోళ్లు రెక్కలు చాపి అందులో కడుపు ఆనించి పడుకుంటాయి. 22 కోళ్లకు ఇలాంటివి మూడు. వచ్చే ఏడాదికి నీడ కావాలంటే షెడ్డుకు పడమటి వైపు ఇప్పుడే మునగ కొమ్మలు పాతండి, ఆరేడు నెలల్లో తలెత్తుతాయి. కానుగ ఇంకా చిక్కటి నీడ, కానీ ఏళ్లు పడుతుంది.

---

ఖమ్మం పెరడు

అందరికీ ధన్యవాదాలు. తూర్పు గోడకు కప్పు కింద ఇటుకలు తీయిస్తున్నాను, గోడ పని వానలు పడ్డాక. మధ్యాహ్నం అన్నం ఆపేశాను. రెండు సందేహాలు. రొప్పడం ఎండకో, కొక్కెర తెగులుకో ఎలా పోల్చాలి? పక్కింట్లో రెండు కోళ్లు తూగుతున్నాయట. టీకా ఇప్పుడు వేయొచ్చా? ఇంకొకటి, రాత్రి షెడ్డులో చోటు చాలక నాటువాటిని గంప కింద మూస్తున్నాం, పర్వాలేదా?

---

పశువైద్యం (విశ్రాంతం)

తెల్లవారుజామున అయిదింటికి వెళ్లి చూడండి. ఎండ రొప్పు అప్పటికి తగ్గి నోరు మూసుకుంటాయి. ఆ చల్లటి వేళ కూడా నోరు తెరిచి, గొంతులో గురగుర శబ్దం, ఆకుపచ్చ రెట్ట, మెడ తిరగడం, కాలు ఈడ్చడం ఉంటే అది కొక్కెర తెగులే అనుకుని ఆ కోడిని వేరుచేసి పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. ఎండదెబ్బ కోళ్లన్నింటినీ ఒకేసారి రొప్పిస్తుంది, మధ్యాహ్నం హెచ్చి రాత్రికి తగ్గుతుంది. తెగులు ఒకటితో మొదలై రెండు మూడు రోజుల్లో అంటుకుంటుంది, వేళతో పని లేదు. పక్కింటి కోళ్లు మీ పెరట్లోకి రాకుండా చూడండి, వాళ్ల చట్టీలు, తట్టలు తెచ్చుకోకండి.

టీకా ఆరోగ్యంగా ఉన్నవాటికే, అదీ సూర్యోదయానికి ముందే. లసోటా (కొక్కెర తెగులు టీకా) నీళ్లలో ఇచ్చేటప్పుడు ముందు రెండు గంటలు దాహం పెట్టమని రాసి ఉంటుంది. ఈ ఎండల్లో పగటిపూట అలా చేయకూడదు. రాత్రి చీకట్లో ఎలాగూ తాగవు కాబట్టి తెల్లవారుజామున చట్టీలు తీసేసి, వెలుగు రాగానే టీకా నీళ్లు పెడితే గంటలో అయిపోతాయి. ఆ నీళ్లలో బ్లీచింగ్ ఉండకూడదు, టీకా చచ్చిపోతుంది. ట్యాంకులో బ్లీచింగ్ పొడి (వెయ్యి లీటర్లకు 10 గ్రాములు) వేసే అలవాటుంటే టీకాకు రెండు రోజుల ముందు ఆపండి, లేదా బోరు నుంచి నేరుగా పట్టిన నీళ్లు వాడండి. సూది టీకాలు, నులిపురుగుల మందు ఎండలు తగ్గేదాకా వాయిదా వేసుకోవచ్చు, ఊళ్లో తెగులు లేకపోతే.

బజారు దాణా కొంటుంటే సంచి మీద చూడండి, నికార్బజిన్ అని ఉంటే వేసవిలో వద్దు. రక్త విరేచనాలు రాకుండా కలిపే మందది. వేడిలో దాన్ని తిన్న కోళ్లు తట్టుకోలేక చనిపోతాయి.

గంప సంగతి పొదుగు గంప వారు చెప్పగలరు.

---

పొదుగు గంప

పేడతో అలికిన గంప వేసవికి పనికిరాదు. వెదురు సందులన్నీ మూసుకుపోయి ఉంటాయి, రాత్రి కూడా 30 డిగ్రీలుండే ఊళ్లో అందులో నాలుగు కోళ్లను మూస్తే ఒకదాని వేడి ఇంకోదానికి. అలకని గంప తీసుకుని, నాలుగు పక్కలా ఇటుక ముక్కల మీద రెండు వేళ్ల ఎత్తు లేపి, పైన బరువు పెట్టండి. పిల్లి భయం ఉంటే చుట్టూ జాలి చుట్టండి. పెద్ద గంప కిందయినా మూడుకు మించొద్దు. కోడి పగలు పడ్డ బాధ తీర్చుకునేది రాత్రే. రాత్రి ఉడికితే రెండో రోజు మధ్యాహ్నానికి తట్టుకోదు. వెన్నెల వెలుతురున్నా చాలు, కొన్ని లేచి తాగుతాయి, గంపలో చిన్న చట్టీ పెట్టండి.

మీరు అడగలేదు గానీ పుంజులున్నాయి కాబట్టి పొదుగు మాట. ఇప్పుడు పొదగేయకపోవడమే మేలు. పాతిక డిగ్రీలు దాటిన చోట నిల్వ ఉన్న గుడ్డులో పిండం సగం సగం కదిలి మధ్యలో చస్తుంది. పదిరోజుల గుడ్లు పోగేసి పెడితే సగం మురిగిపోయేది అందుకే. తప్పదంటే నాలుగు రోజుల లోపు గుడ్లే వాడండి. అవి నిల్వ ఉంచడానికి వెడల్పు దాకలో తడి ఇసుక పోసి, దాని మీద చిన్న కుండ దించి, కుండలో పొడి ఊక పరిచి గుడ్లు పెట్టి, మూతికి తడి గుడ్డ కట్టండి. గుడ్లు తడవకూడదు, పెంకు తడిస్తే సూక్ష్మరంధ్రాల గుండా మురికి లోపలికి పోతుంది. తినే గుడ్లు కూడా రోజుకు రెండుసార్లు ఏరండి, పదకొండు లోపు ఒకసారి, సాయంత్రం ఒకసారి.

పొదిగే పెట్టకు నీళ్లు చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. అది గూడు వదలడానికి ఇష్టపడక దాహంతో కూర్చుంటుంది, ఇక తాళలేనప్పుడు లేచిపోయి తిరిగి రాదు. గూటి అడుగున తడి ఇసుక మూడు వేళ్లు, దాని మీద గోనె ముక్క, ఆపైన గడ్డి.

పిల్లలకు మొదటి వారం 33–35 డిగ్రీల వెచ్చదనం కావాలని పుస్తకాల్లో ఉంటుంది, దాన్ని పట్టుకుని మధ్యాహ్నం కూడా బల్బు వేసి ఉంచేవాళ్లున్నారు. బయటే అంతకన్నా వేడి. పగలు బల్బు ఆపి, రాత్రి పిల్లలు ఒక చోట ముద్దగా పోగైతేనే వేయండి. పిల్లల చిప్పలో నీళ్లు చిటికెన వేలి మందం, అందులో గులకరాళ్లు. లేకపోతే దాహానికి తోసుకుని ఒకదాని మీద ఒకటి ఎక్కి మునుగుతాయి.

---

రామగుండం రేకులు

ఒక్కటి మరిచిన అన్నా. గోనెలు తడుపుకుంట, ఫ్యాన్ పెట్టుకుంట ఒక్క చోట పనిచేస్తవు. ఫ్యాన్ వైరు అతుకులు లేనిది ఉండాలె, ప్లగ్గు షెడ్డు బయట, తల ఎత్తుల. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ తీసెయ్యి. కరెంటు లీకైతే ఆపే ఈఎల్‌సీబీ మీటరు దగ్గర ఉంటే ఇంకా మంచిది.

ఊక ఇప్పుడు రెండంగుళాలు మించి ఉంచకు, చలికాలం లెక్క మందంగ ఉంటే అదే వేడెక్కుతది. రోహిణి కార్తెల గాలివాన వచ్చి వెంటనే ఎండ కాస్తది చూడు, ఆ రోజు గోనె పట్టాలు తీసెయ్యి. గోదారి లంక ఆయన చెప్పినట్టు ఆ పూట మన ఊరు గూడ కాకినాడ లెక్కనే ఉంటది. ఫ్యాన్ ఒక్కటే వెయ్యి, తడిసిన ఊక ఆ సాయంత్రమే ఎత్తు.